నానమ్మ దేవుణ్ణి అడగాల్సిన మాట

పొద్దున్న ఫోను తీసి చూస్తే మా కుటుంబం గ్రూపులో నలభై రెండు మెసేజీలున్నాయి. ఏ కబురు వినాల్సి వస్తుందో అనుకున్నాను. కళ్లజోడు వెతుక్కుని చూద్దును కదా, ఎవరికీ ఏమీ కాలేదు. మా తమ్ముడి మనవడు ఒక వీడియో పెట్టాడు. అందులో ఒకాయన గడ్డం నిమురుకుంటూ, అల్లాకి చెయ్యి ఉందని ఖురానులో రాసి ఉంది, ముఖం ఉందని రాసి ఉంది, ఉన్నది ఉన్నట్టు నమ్మాలి, ఎలా అని అడక్కూడదు అంటున్నాడు. దానికి జవాబుగా మా చెల్లెలి అల్లుడు ఇంకో వీడియో పెట్టాడు. అందులో ఇంకొకాయన, చెయ్యంటే శక్తి, ముఖమంటే సాక్షాత్తూ ఆయనే, దేవుడికి రూపం అంటగట్టడం తప్పు అంటున్నాడు. ఆ తర్వాత మామా అల్లుళ్లిద్దరూ నీకేం తెలుసంటే నీకేం తెలుసని వాదులాడుకుని, మధ్యాహ్నం భోజనాల వేళకి మనవడు గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయాడు.

ఓరి మీ దుంపతెగ అనుకున్నాను. ఈ తగవు మీకేదో కొత్తగా దొరికిందనుకుంటున్నారు కాబోలు. మా చిన్నప్పుడు మా ఇంటి వసారాలో ఏడాది పొడుగునా ఇదే తగవు. కాకపోతే తగవు పడే ఇద్దరూ ఒకే పరుపుకి చెరో వైపు కూర్చుని కుట్టేవారు. ఒకడు అలిగి లేచిపోతే పరుపు ఆగిపోతుంది. అంచేత ఎంత కోపం వచ్చినా కూర్చునే ఉండేవారు.

మాది రాజోలు దగ్గర కాలువ గట్టు మీది ఊరు. పరుపులు, తలగడలు కుట్టే ఇల్లు మాది. నమాజులో చదివే అరబ్బీ ముక్కలు తప్ప ఇంట్లో అంతా తెలుగే. ఎవరైనా గుమ్మంలోకి వస్తే మా తాతగారు సలాం చెప్పిన నోటితోనే "ఆయ్, దయచెయ్యండి, చెప్పండి" అనేవారు. తాతగారి తమ్ముడు చిన్నతాత. తాతగారిని గారు అనకుండా ఎవరం పిలిచేవాళ్లం కాదు. చిన్నతాతని గారు అనడం ఎవరికీ అలవాటు కాలేదు. ఆయనకీ ఆ పట్టింపు లేదు. పెళ్లి కూడా చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి "ఒక్కడికైతే చిన్న పరుపు సరిపోద్దండి" అని చెప్పి నవ్వించేవాడు.

మాఘమాసం పెళ్లిళ్లు దగ్గర పడుతుంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. పడవల మీద బూరుగు దూది బస్తాలు వచ్చేవి. కొత్త పరుపుల కోసం కొత్త గలీబులు, అటు పక్క ఏకడానికి వచ్చిన పాత పరుపులు. కొత్త గలీబు గుడ్డకి గంజి వాసన. పాత పరుపు విప్పితే కొబ్బరినూనె వాసన, అమృతాంజనం వాసన, పసిపిల్లల ఉచ్చ వాసన. "పాత పరుపు విప్పితే కొంప గుట్టంతా బయటపడిపోద్దే" అనేవారు తాతగారు. పిన్నీసులు, తాయెత్తులు, ఒకసారి ఒక ముక్కుపుడక, ఇంకోసారి మడిచి మడిచి దాచిన ఉత్తరం దొరికాయి. ఏది దొరికినా మూటకట్టి తిరిగి ఇచ్చేయాల్సిందే, విప్పి చదవడానికి వీల్లేదు. ఆ ఉత్తరం నేను చదివాను. నాకప్పటికి పదేళ్లు, అందులో ఏముందో అర్థం కాలేదు, అందుకు ఇప్పటికీ బాధే.

చిన్నతాత ఏకే విల్లుకి దూది అందించి, కొయ్యగుండుతో దానికి కట్టిన నరపు తాడుని కొడుతుంటే డుయ్ డుయ్‌మని ఇల్లంతా మోగేది. నలకలు లేచి అన్నింట్లోనూ పడేవి. టీలో దూది, పప్పులో దూది, పిల్లలందరికీ తెల్ల కనుబొమలు. నానమ్మ పొద్దున్నే మూకుడులో దిబ్బరొట్టె వేసి, పైన పళ్లెంలో నిప్పులు పెట్టి కాల్చేది. అడుగు ఎర్రగా కాలిన ఆ రొట్టె చెరుకు పానకంలో ముంచుకు తింటుంటే, మధ్యలో ఒక దూది పోగు నాలుకకి తగిలేది. దాన్ని రెండు వేళ్లతో లాగి పక్కన పెట్టి మళ్లీ తినేవాళ్లం. ఇప్పుడు ఎంత మంచి రొట్టె తిన్నా ఆ పోగు లేక వెలితిగానే ఉంటుంది నాకు.

ఇక తగవు. కయామత్ రోజున, అంటే అందరికీ తీర్పు జరిగే ఆఖరి రోజున, మనిషికి దేవుడు కంటికి కనపడతాడా కనపడడా? ఇదీ సంగతి. తాతగారికి చదువు లేదు, పెద్దల దగ్గర విన్నది మాత్రం ఒక్క ముక్క మర్చిపోలేదు. చిన్నతాత కుర్రతనంలో కాకినాడలో ఒక పండితుడి ఇంట్లో పరుపులు కుడుతూ ఆర్నెల్లు ఉండి, ఆయన దగ్గర నాలుగు మాటలు నేర్చుకొచ్చాడు.

"మంచివాళ్లందరికీ కనపడతాడ్రా, పున్నమి చంద్రుడిలాగ. తోసుకోనక్కర్లేదు, ఒకళ్ల మీద ఒకళ్లు పడనక్కర్లేదు, ఎవడి చోట వాడు నిలబడి చూసుకోవచ్చు" అనేవారు తాతగారు దబ్బనంతో కుట్టు వేస్తూ.

"చంద్రుడు ఒక వైపునుంటాడు అన్నయ్యా. కంటికి కనపడేది ఏదైనా ఏదో ఒక వైపునుండాలి. వైపున్నదానికి హద్దుంటది. హద్దున్నవాడు దేవుడెలాగవుతాడు?"

"ఎలాగని అడక్కు. చూస్తాం. అంతే."

"ఎలాగని అడక్కుండా పరుపు కుడుతున్నావా నువ్వు? పొడుగెంత, వెడల్పెంత అని అడగవూ?"

"పరుపుకి కొలతుంది కాబట్టి అడుగుతాను. కొలత లేనివాడి దగ్గిర కొలబద్ద పట్టుకుని తిరిగేది నువ్వు, నేను కాదు."

చిన్నతాతకి ఇంకో బాణం ఉండేది. "మూసా ప్రవక్త కొండెక్కి, స్వామీ నిన్ను చూడాలి అని అడిగితే ఏవయ్యింది? నువ్వు చూడలేవన్నాడు. కొండ పిండైపోయింది. మూసాగారు మూర్ఛపోయేరు. అంతటాయనకే గతి లేదు, పరుపులు కుట్టుకునేవాడివి నీకు కనపడతాడా?"

"నేను చెప్పేదీ అదేరా వెధవా! అంతటి ప్రవక్త కుదరని పని అడుగుతాడా? కుదురుద్దని తెలుసు కాబట్టే అడిగేడు. ఆ పూట కుదర్లేదు. మనం వెళ్లేసరికి పంటు పడవ దాటిపోతే గోదారికి రేవే లేదంటామా?"

ఊళ్లో బడిపంతులుగారు క్రైస్తవులు, తలగడ కోసం వచ్చి అరుగు మీద కూర్చుని వినేవారు. "మీ తగవు తెమిలేదాకా నా తలగడ తెమలదేమోనండి. మా ఆయన మనిషిగా వచ్చి కనపడి మరీ వెళ్లేడు, మాకీ గొడవ లేదండి" అనేవారు. ఇంకొకాయన అప్పనపల్లి గుడికి వెళ్లొచ్చి ప్రసాదం చేతిలో పెట్టి "నేను ఇప్పుడే చూసొచ్చేనండి" అనేవాడు. తాతగారు పకపకా నవ్వేవారు. "మీ ఇద్దరి సంగతీ తేలిపోయిందండి. తేలనిది మాదే, ఆయ్" అనేవారు.

పిల్లలం కూడా రెండు జట్లు. మా అన్నయ్య తాతగారి జట్టు. నేను మాత్రం ఆ పూట ఎవరు గెలిస్తే వాళ్ల జట్టు. చిన్నతాత రాజోలు సంత నుంచి నువ్వుల జీళ్లు తెచ్చిన రోజు దేవుడు కచ్చితంగా కనపడడు.

మా ఇంట్లో పిల్లలకి ఒక కట్టుబాటు ఉండేది. ఏకిన దూది కుప్ప ఉన్న గదిలోకి అడుగు పెట్టకూడదు. ఎందుకో ఎవరూ చెప్పరు. చెప్పకపోతే మానతామా? ఒకరోజు పెద్దవాళ్లు అన్నాల దగ్గర ఉండగా గది తలుపు తోసుకుని వెళ్లి, నడుం ఎత్తు ఉన్న ఆ తెల్లటి కుప్ప మీదికి పరిగెత్తుకొచ్చి దూకాను. అబ్బ, ఆ మెత్తదనం! మునిగిపోయాను. ముక్కులో, నోట్లో, చెవుల్లో దూది. నవ్వుతూ పైకి లేవబోతే జుట్టు పట్టుకుని ఎవరో లాగారు. నానమ్మ. చీమకైనా హాని తలపెట్టని మనిషి, చేతిలో గరిటెతోనే నన్ను చితకబాదింది. కొట్టి కొట్టి, ఉన్నట్టుండి నన్ను ఒళ్లోకి లాక్కుని, నా ముక్కులోంచి, నోట్లోంచి వేళ్లతో దూది తీస్తూ ఏడ్చింది. నేనేడవాల్సింది ఆవిడ ఏడుస్తుంటే నాకు భయమేసి ఏడుపు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న రొట్టె పెడుతూ నానమ్మే చెప్పింది. నాన్న కంటే ముందు నానమ్మకి ఒక ఆడపిల్ల పుట్టిందట. అయిదో నెల. చలికాలం. లోకానికంతా పరుపులు కుట్టే ఇంట్లో చంటిదానికి పాత చీరల బొంత తప్ప పరుపు లేదు. బిందె పట్టుకుని కాలువకి వెళ్తూ, వెచ్చగా ఉంటుంది కదా అని ఏకిన దూది అంచున పడుకోబెట్టిందట. వచ్చేసరికి పిల్ల దూదిలో బోర్లాపడి ఉంది. అదే మొదటిసారి బోర్లాపడడం.

మన వైపు పిల్లలు బోర్లాపడితే బొబ్బట్లు చేసి పంచుతారు కదా. మా ఇంట్లో ఏ పిల్ల బోర్లాపడినా బొబ్బట్లు చెయ్యకపోవడానికి కారణం నాకు ఆరోజు తెలిసింది.

"అందుకేనే, మీ తాతగారు చెప్పిందే నిజమవ్వాలి" అంది నానమ్మ. "ఆయన నాకు ఎదురుగుండా కనపడాలి. ఒక్క మాట అడగాలి."

"ఏమని?"

"నా పిల్ల మొదటిసారి బోర్లాపడ్డం నేను చూడలేదు. నువ్వొక్కడివే చూసేవు. చూసి ఎందుకూరుకున్నావు? అని." రొట్టె తిరగేస్తూ, పొరుగింటావిణ్ణి అడిగేదేదో చెప్పినట్టే చెప్పింది. "ఎదురుగుండా మనిషి లేకుండా ఏం అడుగుతామే? గోడనడిగినట్టుంటది. ఎవరికీ చెప్పకు."

నేను చెప్పలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు తగవు ఆటలా అనిపించడం మానేసింది. నువ్వుల జీళ్లు తెచ్చినా సరే, తాతగారే గెలవాలని దువా చేసేదాన్ని.

ఆ మాఘంలోనే మా ఊళ్లో ఒక పెళ్లికి నికా చేయించడానికి రామచంద్రపురం అవతల నుంచి ఒక మౌల్వీగారు వస్తున్నారని తెలిసింది. గొప్ప చదువు చదివినాయన. అన్నదమ్ములిద్దరూ మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు. ఆయన్ని భోజనానికి పిలుద్దాం, ఆయన ఏం చెప్తే అదే తీర్పు, ఇంక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు.

నానమ్మ ఆ భోజనానికి రెండు రోజుల ముందు నుంచీ పని పెట్టుకుంది. కొబ్బరికాయలు కోరించి పాలు తీసి పలావు చేసింది. నాటుకోడి కూర, కొర్రమీను పులుసు, చిక్కుడుకాయ వేపుడు, చివర్లో సేమ్యా పాయసం. దేవుడికే విందు చేస్తున్నట్టు ఆవిడ ముఖం వెలిగిపోయేది. భోజనాల వేళ వంటింటి తలుపు వెనక కూర్చుంది కానీ ఒక చెవి వినపడదు ఆవిడకి. "నువ్వెళ్లి మంచినీళ్లు పొయ్యి. ఏం తేలిందో వెంటనే వచ్చి నాకు చెప్పు" అని నన్ను పంపింది.

మౌల్వీగారు నిదానంగా తిన్నారు. పలావు రెండోసారి వడ్డించుకున్నారు. చెయ్యి కడుక్కుని, ఇద్దరి వాదనా మొదటి నుంచి చివరిదాకా విన్నారు.

"ఈ తగవు మీ ఇద్దరిదీ కాదు భాయ్" అన్నారు నవ్వుతూ. "వెయ్యేళ్ల కిందట మహా మహా పండితులు పడ్డ తగవిది. కనపడడు అన్నవాళ్లూ ఉన్నారు, మీ తమ్ముడు చెప్పిన హద్దుల మాటే చెప్పేరు. కానీ మన పెద్దల్లో ఎక్కువమంది మీరు చెప్పిన మాటే చెప్పేరు. జన్నత్‌లో తెర తీసేస్తారు. కనపడతాడు. రూపం కట్టొద్దు, వైపు పెట్టొద్దు, ఎలాగని అడగొద్దు."

"వైపు లేకుండా కన్నెలా చూస్తదండి?" అన్నాడు చిన్నతాత.

"ఈ కన్నుకి వైపు కావాలి. ఆ రోజు ఇచ్చే కన్నుకి అక్కర్లేదు."

చిన్నతాత ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఓడిపోయినందుకు అనుకున్నాను. తాతగారు గెలిచి కూడా తమ్ముడి వైపు చూసి కండువా సర్దుకున్నారు. మౌల్వీగారు కళ్లు మూసుకుని ఇంకా చెప్తున్నారు. ఆ చూపు ముందు స్వర్గంలోని పళ్లూ, నదులూ, మేడలూ ఏవీ గుర్తుండవట. ఇక్కడ పడ్డ కష్టం, ఏడ్చిన ఏడుపు, అడగాలనుకున్న మాట, అన్నీ మర్చిపోతారట. అంతటి ఆనందమట.

నేను చెంబు అక్కడే పడేసి పరిగెత్తాను.

"నానమ్మా, తాతగారు గెలిచేరు! కనపడతాడంట!"

గ్లాసుల్లో పాయసం పోస్తున్న నానమ్మ చేయి ఆగింది. అంత సంతోషం నేను ఆవిడ ముఖంలో అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అక్కడితో ఆపి ఉంటే ఏం పోయేది నాకు? నోరు ఊరుకుంటేనా? విన్నదంతా ఒప్పజెప్పేశాను.

"కనపడగానే అన్నీ మర్చిపోతామంట నానమ్మా! ఇక్కడ ఏడ్చినవీ, అడగాలనుకున్నవీ, అన్నీనీ!"

"అన్నీనా?"

"ఆయ్, అన్నీ. మౌల్వీగారే చెప్పేరు."

"నా పిల్లనా?"

అప్పటికి గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు. నానమ్మ పాయసం గిన్నె కింద పెట్టి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అయితే నాకొద్దు ఆ చూపు" అంది.

ఆ రోజు మధ్యాహ్నం నమాజుకి నానమ్మ లేవలేదు. సాయంత్రమూ లేవలేదు. మర్నాడూ లేవలేదు. వంట చేసేది, వడ్డించేది, నోరు మాత్రం విప్పేది కాదు. తాతగారే చాప పరిచి పెట్టేవారు. ఆవిడ దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోయేది. అయిదు రోజులు అలా గడిచాయి. విల్లు మోగలేదు. పేరూరు వాళ్ల పెళ్లి పరుపు సగం కుట్టి వసారాలో పడి ఉంది. ఎవరూ అరవరు, ఎవరూ వాదించుకోరు. ఇంటికి అంత పెద్ద రోగం నేను చూడలేదు.

"దుఃఖం మర్చిపోవడం సుఖమే కదే" అన్నారు తాతగారు ఒకసారి, బతిమాలుతున్నట్టు.

"మీకు సుఖం" అంది నానమ్మ. "దానికి ఫొటో లేదు, గుర్తు లేదు. చొక్కా కూడా మట్టిలోనే పెట్టేసేరు. ఈ ఏడుపొక్కటే నాకు మిగిలింది. అదీ లాగేసుకుంటే ఇంక నేనక్కడ ఎందుకు?"

గెలిచినవాడు అంత దిగులుగా ఉండడం కూడా అప్పుడే చూశాను. నేను ఆవిడ కొంగు పట్టుకుని తిరిగేదాన్ని. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, మళ్లీ గరిటె పుచ్చుకుని బాదినా బాగుండేది.

ఆరో రోజు మధ్యాహ్నం తాతగారు మసీదుకి వెళ్లారు. నేను వంటింట్లో మూల కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. చిన్నతాత వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆయన్ని నానమ్మే పెంచింది. తల్లి పోయాక ఆరేళ్లవాడై ఆవిడ చేతికి వచ్చాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, ఆవిడ ముందు కూర్చుంటే అప్పటికీ మోకాళ్లు ముడుచుకునే కూర్చునేవాడు.

"వదినా, కనపడడు కనపడడు అని ఇన్నేళ్లూ ఎందుకు దెబ్బలాడేనో తెలుసా నీకు?"

నానమ్మ బియ్యం చెరుగుతూనే ఉంది.

"కనపడితే నువ్వు అడుగుతావు. నువ్వు అడిగితే ఆయన నన్ను చూపిస్తాడు" అన్నాడు. "కాలువకెళ్తూ నాకు చెప్పేవు కదా, పిల్ల దగ్గిర కూచో, కదలకు అని. వీధిలో పిల్లలు గోళీలాడుతుంటే వెళ్లిపోయేను. నువ్వు వచ్చేసరికి నేను లేను. అన్నయ్యకి తెలీదు. ఎవరికీ తెలీదు. నీకు కూడా గుర్తు లేదేమో అనుకున్నాను. గుర్తు లేకపోతే బాగుండునని రోజూ అనుకున్నాను."

చేట ఆగింది. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"గుర్తుందిరా" అంది నానమ్మ. "ఆ పూట నువ్వు తిరిగొచ్చేసరికి నీ చొక్కా జేబు నిండా గోళీలు. చూసేను."

"మరి అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు?"

"ఏవని చెప్తాను? పదేళ్ల పిల్లోడివి. మీ అన్నయ్య ఆ పూట ఉన్న కోపానికి నిన్ను నరికేసేవారు. ఒక పిల్ల పోయింది. రెండోవాణ్ణి కూడా పోగొట్టుకోనా?"

చిన్నతాత రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని హూ అని ఏడ్చాడు. మగవాడు అలా ఏడవగలడని నాకు తెలియదు. నానమ్మ లేచి వెళ్లి ఆయన నెత్తి మీద చెయ్యి వేసి, కనుబొమల మీది దూది నలకలు తీసింది.

"నేనడిగేది నీ గురించి కాదురా" అంది. "నువ్వు ఆటకెళ్లేవు. నేను నీళ్లకెళ్లేను. ఆయన ఎక్కడికీ వెళ్లలేదు కదా. అక్కడే ఉన్నాడు కదా. అదీ నేనడిగేది. ఇంక ఇప్పుడు అదీ లేదుగా. చూడగానే మర్చిపోతానంట."

చిన్నతాత కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను గుర్తు చేస్తాను వదినా."

"నువ్వా?"

"ఆ రోజున నీ వెనకాలే నిలబడతాను. నువ్వు మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోతే, వదినా, పిల్ల సంగతి అడుగు అంటాను."

నానమ్మ ఆయన వైపు చూసింది. అయిదు రోజుల తర్వాత ఆవిడ ఒక మనిషి ముఖంలోకి సరిగ్గా చూడడం అదే.

"పిచ్చోడా, నువ్వు మాత్రం మర్చిపోవా, ఆయన్ని చూసేక?"

"నేను ఆయన్ని చూడను" అన్నాడు చిన్నతాత. "అందరూ ఆయన్ని చూస్తారు. నేను తల దించుకుని నీ వీపు చూస్తా ఉంటాను."

నానమ్మ చేట గోడకి ఆనించి, పెరట్లోకి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, తాతగారు పరిచి ఉంచిన చాప మీద నిలబడింది. చిన్నతాత కాసేపు చూసి, లేచి వసారాలోకి పోయి విల్లు అందుకున్నాడు. తాతగారు మసీదు నుంచి వస్తూ వీధి మొగలోనే ఆ డుయ్ డుయ్ విని పరిగెత్తుకొచ్చారట. ఏం జరిగిందని ఎవర్నీ అడగలేదు. దబ్బనంలో దారం ఎక్కించుకుని పేరూరు వాళ్ల పరుపుకి తన వైపున కూర్చున్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ తగవు లేదు. తాతగారికే తోచేది కాదు. "ఏరా, హద్దు సంగతేమయ్యిందిరా?" అని అప్పుడప్పుడు కదిపేవారు. "నువ్వు చెప్పిందే రైటు అన్నయ్యా" అనేవాడు చిన్నతాత. తాతగారి ముఖం చిన్నబోయేది. పాపం, గెలుపంటే ఇంత చప్పగా ఉంటుందని ఆయనకి తెలీదు. తమ్ముడు ఎందుకు ఒప్పుకున్నాడో ఆయన పోయేదాకా ఆయనకి తెలియలేదు. మా ముగ్గురిలో ఎవరమూ చెప్పలేదు.

నేను కాలేజీలో చదువుతుండగా నానమ్మ పోయింది. ఆ తర్వాత మూడేళ్లకి తాతగారు. చిన్నతాత ఇంకో పన్నెండేళ్లు ఉన్నాడు. అప్పటికి బజారులో ఫోము పరుపులు వచ్చేశాయి, విల్లు అటక ఎక్కింది. నడుం వంగి, చెవులు వినపడక, వసారాలో కూర్చుని దారి చూసేవాడు. ఆఖరి రోజుల్లో నాన్నని పిలిచి ఒకటే కోరాడు. తనని తాతగారి పక్కన పెట్టొద్దు, నానమ్మ గోరీకి తూర్పు పక్కన ఆనుకుని పెట్టాలి అని. ఇదేం కోరికని నాన్నకి అర్థం కాలేదు. అన్న పక్కన కాకుండా వదిన పక్కనా అని నలుగురూ నాలుగు రకాలుగా అంటారేమోనని జంకాడు కూడా. నేను పట్టుబట్టి ఒప్పించాను.

మా వాళ్లని ముఖం మక్కా ఉన్న పడమటి వైపు తిప్పి పడుకోబెడతారు. తూర్పు పక్కన అంటే నానమ్మ వెనకాల. చిన్నతాత ముఖం కూడా పడమటికే. ఎదురుగా ఆవిడ వీపు.

నాకు డెబ్భై దాటాయి. దేవుడికి రూపం ఉందా లేదా అంటే నాకు తెలియదమ్మా, నన్నడక్కండి. గ్రూపులోంచి వెళ్లిపోయిన ఆ పిల్లవాడికి సాయంత్రం ఫోను చేశాను. వీడియోల మాట ఎత్తలేదు. నానమ్మ గురించి చెప్పాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఒకరికి చెప్పడం. వాడు అంతా విని "అయితే మీ నానమ్మగారు అడుగుతారంటారా?" అన్నాడు.

అడుగుతుంది. ఆవిడ సంగతి నాకు తెలుసు. నా దిగులంతా చిన్నతాత గురించే. అంతమంది తలెత్తి చూస్తుంటే ఆయనొక్కడూ తల దించుకుని నిలబడి ఉంటాడు. అన్నీ మర్చిపోతామంట అని అరుచుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది నేను కదా. నాకూ అక్కడ కాస్త చోటిస్తే, ఆయన వెనకాలే వెళ్లి నిలబడతాను. నానమ్మ అడగాల్సింది అడిగేసిన మరుక్షణం భుజం తట్టి చెప్తాను. అడిగేసింది చిన్నతాతా, ఇంక నువ్వు కూడా తలెత్తి చూడు.